గుగులోతు సౌమ్య: తెలుగు నేల నుంచి భారత మహిళల ఫుట్‌బాల్‌కు

గుగులోతు సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్. 2001లో నిజామాబాద్ జిల్లాలో లంబాడా కుటుంబంలో పుట్టింది. కేరళకు చెందిన గోకులం క్లబ్బుకూ, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కూ, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కూ ఆడింది. 2024–25 సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపిక చేసింది. ఆ పురస్కారాన్ని మణిపూర్, తమిళనాడు, హర్యానా, పంజాబ్ అమ్మాయిలు అందుకోవడం చూసిన తెలుగు పాఠకులకు ఈ వార్త ఎంతో ఆనందాన్నిచ్చింది.

దిగువ కృష్ణా డెల్టా చదరంగంలోనూ విలువిద్యలోనూ ప్రపంచ స్థాయి అమ్మాయిలను ఇచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ స్థాయి పేరు మాత్రం గోదావరి ఒడ్డు జిల్లా నిజామాబాద్ నుంచి వచ్చింది. డెల్టాలోని బందరులోనో అవనిగడ్డలోనో బంతి వెంట పరిగెత్తే అమ్మాయికి సౌమ్య ఆటజీవితం ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే గోల్స్ లెక్క ఒక్కటీ సరిపోదు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కింది, ఆ మెట్లలో తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవెన్ని, బయట ఉన్నవెన్ని అన్నది చూడాలి.

ముందు నడిచినవాళ్లు

తెలుగు నేలకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించిపెట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. సికింద్రాబాద్‌లో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ తరం మేటి ఆటగాళ్లలో ఒకడు. అయితే అదంతా మగవాళ్ల ఆట. పోలీసు ఉద్యోగం, గ్యారిసన్ గ్రౌండ్లు, సాయంత్రం టోర్నమెంట్లు ఆ ఆటను నిలబెట్టాయి. వాటిలో ఆడపిల్లకు చోటు దొరకలేదు.

దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు ఒక సంస్థ అంటూ ఏర్పడింది 1975లో. ఆ భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన కాలంలోనే మన జట్టు ఆసియా టోర్నీలో రెండుసార్లు రన్నరప్‌గా నిలిచింది. మొదటిసారి కోళికోడ్‌లో జరిగిన పోటీలో, రెండోసారి 1983లో. అదే ఏడాది బెంగాల్ క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఆ తర్వాత పాలన అఖిల భారత సమాఖ్య చేతికి వెళ్లింది, ఆట ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. 1990ల నుంచి సీనియర్ జాతీయ చాంపియన్‌షిప్‌ను మణిపూర్ 20 సార్లకు పైగా గెలిచింది. పద్మశ్రీ అందుకున్న ఒయినం బెంబెం దేవి, స్కాట్లాండ్ రేంజర్స్‌కు ఆడిన బాలాదేవి ఆ రాష్ట్రం వాళ్లే. ఒక్క మణిపూర్ ఇంతమందిని ఎలా ఇచ్చిందని అడిగితే జవాబు ఏమంత రహస్యం కాదు. అక్కడ ఊళ్ల మధ్య మ్యాచ్‌లు జరుగుతాయి, ఆడే ఆడపిల్లను చూడటానికి ఊరు కదులుతుంది.

ఆడవాళ్లకు జాతీయ లీగ్ మొదలైంది 2016–17లో. ఇండియన్ విమెన్స్ లీగ్ అనే ఆ పోటీ తొలి విజేత కూడా మణిపూర్ జట్టే, ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్. సౌమ్య ఆ లీగ్ వచ్చాక ఎదిగిన తరానికి చెందింది. పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఇంత ఆటా ఆమెకు స్కూల్ టోర్నమెంట్లతో, రాష్ట్ర జట్టు క్యాంపులతో ముగిసిపోయేది.

నిజామాబాద్

గత పాతికేళ్లలో ఈ జిల్లా నుంచి వచ్చిన అమ్మాయిలను చూస్తే గర్వంగా అనిపిస్తుంది. బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ నిఖత్ జరీన్, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, భారత హాకీ జట్టుకు ఆడిన యెండల సౌందర్య ఇక్కడివాళ్లే. పూర్ణ కూడా సౌమ్యలాగే గిరిజన కుటుంబం నుంచి వచ్చింది. ఆమెను ఎవరెస్ట్ దాకా నడిపించింది సాంఘిక సంక్షేమ గురుకులం. సౌమ్యకు దారి చూపింది నిజామాబాద్‌లో అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్ గొట్టిపాటి నాగరాజు.

ఇలాంటి కోచ్ చేసే పని బయటివాళ్లకు కనపడదు. ఆట నేర్పడం అందులో సగమే. మిగతా సగం ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించడం, స్టడ్స్ కొనిపెట్టడం, టోర్నమెంటుకు పిల్లలను రైల్లో తీసుకెళ్లి క్షేమంగా తిరిగి తీసుకురావడం, సెలక్షన్స్ ఎక్కడ ఎప్పుడు జరుగుతున్నాయో తెలుసుకుని వేళకు పంపడం. పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల ఆట మానేసేది సాధారణంగా ఈ సగం దగ్గరే, కాళ్లలో సత్తా లేక కాదు. జిల్లా కేంద్రంలో అమ్మాయిల కోసమే ఒక అకాడమీ, రోజూ గ్రౌండ్‌కు వచ్చే ఒక మాస్టారు ఉండటం సౌమ్యకు దొరికిన మొదటి అదృష్టం. అండర్-ఏజ్ జాతీయ జట్ల పిలుపులు ఆ తర్వాతే వచ్చాయి.

గోకులం

తెలుగు రాష్ట్రాల క్లబ్బు జాతీయ మహిళల లీగ్‌లో లేదు కాబట్టి సౌమ్య సీనియర్ ఆట మొదటి నుంచీ పరాయి రాష్ట్రంలోనే సాగింది. 2021–22లో గోకులం కేరళ జట్టులో ఆడింది. కోళికోడ్ కేంద్రంగా నడిచే ఆ క్లబ్బు అప్పటికే ఒకసారి లీగ్ గెలిచింది. భువనేశ్వర్‌లో జరిగిన ఆ సీజన్‌లో 11 మ్యాచ్‌లకు 11 గెలిచి మళ్లీ విజేత అయింది. చివరి మ్యాచ్‌లో ఎదురుపడిన మదురై జట్టు సేతు కూడా అప్పటిదాకా ఓడలేదు. ఆ పోరును గోకులం 3–1తో గెలిచింది.

ఆ విజయం గోకులానికి ఆసియా క్లబ్ పోటీకి టికెట్ ఇచ్చింది. 2022 ఆగస్టులో జట్టు తాష్కెంట్ చేరుకుంది. సరిగ్గా అప్పుడే, పాలనలో బయటివాళ్ల జోక్యం ఉందంటూ ఫిఫా అఖిల భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆగస్టు 16న పడిన ఆ వేటు పది రోజుల్లో తొలగిపోయింది. ఈలోపు గోకులం అమ్మాయిలు ఆడటానికి వెళ్లిన టోర్నీలో అడుగు పెట్టకుండానే ఉజ్బెకిస్తాన్ నుంచి తిరిగొచ్చారు. ఏడాదంతా చెమటోడ్చి సంపాదించుకున్న అవకాశం ఎవరి తప్పుకో బలైపోయింది. మగవాళ్ల క్లబ్బులకు ఆ పది రోజుల్లో పోయింది తక్కువే. నష్టం దాదాపు మొత్తం ఆడవాళ్ల జట్టు మీద పడింది. మన మహిళల ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేయకూడదు.

జాగ్రెబ్

అదే 2022లో సౌమ్యకూ, గోకులంలో ఆమెతో కలిసి ఆడిన మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌కూ క్రొయేషియా నుంచి పిలుపొచ్చింది. ట్రయల్స్‌లో నెగ్గి ఇద్దరూ డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. భారత మహిళలు యూరప్‌లో ఆడటం అప్పటికే మొదలైంది. 2015లో గోల్‌కీపర్ అదితి చౌహాన్ వెస్ట్ హామ్‌కు ఆడింది, 2020లో బాలాదేవి రేంజర్స్‌కు వెళ్లింది, 2022లోనే మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్బు అపోలాన్ తరఫున యూరోపియన్ చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడింది. అయినా తెలంగాణ పల్లె నుంచి వచ్చిన ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి యూరప్‌లో ఒక దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడటం చిన్న సంగతి కాదు.

విదేశీ క్లబ్బులో గడిపిన కాలం ఆటగత్తెకు ఏం ఇస్తుందన్నది గోల్స్ లెక్కలో సరిగా కనపడదు. మన లీగ్ ఏడాదిలో కొన్ని వారాలే సాగేది. యూరప్‌లో వారం వారం మ్యాచ్, మధ్యలో శిక్షణ, ఆహారం, విశ్రాంతి, గాయాల సంరక్షణ అన్నీ ఒక పద్ధతిలో నడుస్తాయి. అలవాటు లేని చలిలో, భాష రాని డ్రెస్సింగ్ రూములో నిలదొక్కుకున్నాక తిరిగొచ్చిన సౌమ్య దేశీయ లీగ్‌లో మునుపటికంటే స్థిరంగా ఆడింది. ఆమె అసలైన సీజన్ రావడానికి మరో రెండేళ్లు పట్టింది.

ఈస్ట్ బెంగాల్, 2024–25

ఆ సీజన్ లీగ్‌లో ఎనిమిది జట్లున్నాయి. ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి కోల్‌కతావి. ఒడిశా ఎఫ్‌సీ, నీతా అకాడమీ ఒడిశావి. గోకులం కేరళది, సేతు తమిళనాడుది, కిక్‌స్టార్ట్ బెంగళూరుది, హాప్స్ ఢిల్లీది. తెలుగు రాష్ట్రాలకు సరిహద్దు పంచుకునే మూడు రాష్ట్రాలకు అందులో చోటుంది, రెండు తెలుగు రాష్ట్రాలకూ లేదు. సొంత ఊరికి ఆడే మాట పక్కన పెట్టినా, సొంత రాష్ట్రంలో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడే వీలు కూడా సౌమ్యకు దొరకలేదు.

కోచ్ ఆంథొనీ ఆండ్రూస్ గోకులానికి టైటిల్స్ గెలిపించినవాడు. ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి అనుభవం ఉన్న భారత క్రీడాకారిణులతో జట్టు కట్టాడు. అందులో సౌమ్య కీలకమైంది. 2025 ఏప్రిల్ 4న కల్యాణిలో ఒడిశా ఎఫ్‌సీపై సంగీతా బాస్‌ఫోర్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ ఇంకో మ్యాచ్ మిగిలుండగానే విజేత అయింది. మగవాళ్ల జట్టు 2003–04లో గెలిచాక ఆ క్లబ్బుకు జాతీయ లీగ్ ట్రోఫీ దక్కడం ఇదే మొదలు. ఇరవై ఒక్క ఏళ్లుగా లక్షలాది అభిమానులు ఎదురుచూసిన ట్రోఫీని తెచ్చింది అమ్మాయిలు.

లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టింది గోకులం తరఫున ఆడిన ఉగాండా ఫార్వర్డ్ ఫజీలా ఇక్వాపుట్, మొత్తం 24. భారత క్రీడాకారిణుల్లో ముందు నిలిచింది తొమ్మిది గోల్స్‌తో సౌమ్య. మన లీగ్‌లో గోల్ ముందు స్థానం ఎక్కువగా విదేశీ స్ట్రయికర్లదే కాబట్టి, పక్క నుంచి వచ్చి ఆడే భారత అమ్మాయి తొమ్మిది గోల్స్ కొట్టడం పెద్ద విషయం. ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆ సీజన్ ఆటకే వచ్చింది.

ఈస్ట్ బెంగాల్ ఆ గెలుపుతో ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. 2025 ఆగస్టులో కంబోడియాలో ఫ్నామ్ పెన్ క్రౌన్‌పై 1–0తో గెలిచి, హాంకాంగ్ జట్టు కిచీతో 1–1తో డ్రా చేసుకుని గ్రూప్ దశ చేరింది. నవంబరులో వూహాన్‌లో ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌ను 3–1తో ఓడించింది. తాష్కెంట్ నుంచి ఆడకుండా తిరిగొచ్చిన 2022 ఆగస్టు తర్వాత మూడేళ్లకు భారత మహిళల క్లబ్బు అందుకున్న ఫలితం ఇది.

జాతీయ జట్టు

భారత జట్టులో సౌమ్య కుదురుకునే సమయానికి దక్షిణాసియాలో మన ఆధిక్యానికి గండి పడింది. శాఫ్ మహిళల చాంపియన్‌షిప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచిన భారత్ 2022లో కాఠ్మాండూలో గ్రూప్ దశలో బంగ్లాదేశ్ చేతిలో 0–3తో, సెమీఫైనల్లో నేపాల్ చేతిలో 0–1తో ఓడింది. మాల్దీవులపై 9–0తో గెలిచిన మ్యాచ్‌లో సౌమ్య ఒక గోల్ కొట్టింది.

ఆమె తరానికి గుర్తుండే టోర్నీ 2025 జూన్, జులై నెలల్లో థాయ్‌లాండ్ నగరం చియాంగ్ మాయ్‌లో జరిగింది. ఆసియా కప్ క్వాలిఫయర్ అది. తొలి మ్యాచ్‌లో భారత్ మంగోలియాపై 13–0తో గెలిచింది. ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖా ఐదు, సౌమ్య రెండు గోల్స్ చేశారు. తర్వాత తిమోర్ లెస్తేపై 4–0, ఇరాక్‌పై 5–0. ఇక మిగిలింది ఆతిథ్య జట్టు. థాయ్‌లాండ్ అప్పుడు ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 46వ స్థానంలో ఉంది, భారత్ 70వ స్థానంలో. రెండు ప్రపంచ కప్పులు ఆడిన జట్టు అది. జులై 5న క్రిస్పిన్ ఛెత్రి శిక్షణలోని భారత్ 2–1తో గెలిచింది, రెండు గోల్సూ సంగీతా బాస్‌ఫోర్‌వే.

క్వాలిఫయర్లు ఆడి నెగ్గి ఆసియా కప్‌కు వెళ్లడం భారత మహిళలకు అదే మొదలు. 2022లో ఆతిథ్య దేశంగా నేరుగా చోటు దొరికింది. ఆ టోర్నీలో ఇరాన్‌తో డ్రా చేసుకున్నాక జట్టులో కోవిడ్ వ్యాపించింది. చైనీస్ తైపీతో మ్యాచ్‌కు సరిపడా క్రీడాకారిణులు లేక భారత్ తప్పుకోవాల్సి వచ్చింది. ఆ బాధ చియాంగ్ మాయ్‌లో తీరింది. 2026 మార్చి ఆస్ట్రేలియా టోర్నీకి తీసిన డ్రాలో భారత్ జపాన్, వియత్నాం, చైనీస్ తైపీలతో ఒకే గ్రూపులో పడింది.

ఆట తీరు, బతుకుతెరువు

సౌమ్య ఎక్కువగా ఆడేది వింగ్‌లో, అంటే పక్క గీత వెంబడి. ఈ స్థానంలో బంతి లేనప్పుడు చేసే పనే ఎక్కువ. ప్రత్యర్థి డిఫెండర్‌ను గీత వైపు లాగి మధ్యలో తోటి ఫార్వర్డ్‌కు చోటు చేయాలి. బంతి పోగానే వెనక్కి పరిగెత్తి సొంత డిఫెండర్‌కు తోడు నిలవాలి. మళ్లీ బంతి అందిన క్షణంలో ముందుకు దూకాలి. తొంభై నిమిషాల్లో ఇలాంటి పరుగులు డజన్ల కొద్దీ తీస్తే అందులో రెండో మూడో గోల్ దాకా వెళ్తాయి. సౌమ్య బలం వేగం. పూర్తి వేగంలో ఉన్నప్పుడు కూడా బంతి కాలికి దగ్గరగా ఉంటుంది, గోల్ దగ్గర తొందరపడదు.

ఈ కష్టానికి దొరికే ప్రతిఫలం గురించీ చెప్పుకోవాలి. లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులతో ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం చేసుకోవాలని అఖిల భారత సమాఖ్య 2023లో నిర్ణయించింది. నెలకు పాతికవేలు దాటి కాస్త వస్తుంది. మగవాళ్ల లీగ్‌తో పోలిస్తే చాలా తక్కువే. అయినా ఇంట్లో చెప్పుకోవడానికి ఒక జీతం అంటూ ఏర్పడింది. ఆట మానేయమని ఒత్తిడి వచ్చే వయసులో అమ్మాయికి అది గట్టి జవాబు.

బందరు, గుడివాడ, దివిసీమ

గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి పుట్టింది గుడివాడలో. 2002లో పదిహేనేళ్ల వయసులోనే ఆ హోదా అందుకుంది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఉమ్మడి కృష్ణా జిల్లా తల్లిదండ్రులు ఆడపిల్లను ఆటలకు పంపరన్న మాట ఈ ఇద్దరి ముందు నిలవదు. హంపికి తండ్రే గురువు. విజయవాడలో ఆర్చరీకి వోల్గా అకాడమీ లాంటి సంస్థ ఉంది. ఆ రెండు ఆటల్లోనూ ఒక్క అమ్మాయి, ఒక్క కుటుంబం, ఒక్క గురువు గట్టిగా పూనుకుంటే చాలా దూరం పోవచ్చు. ఫుట్‌బాల్‌కు అది చాలదు. ఒక మ్యాచ్ జరగాలంటే ఇరవై ఇద్దరు అమ్మాయిలు ఒకే రోజు ఒకే చోటికి రావాలి, అదీ వారం వారం రావాలి.

రెండో అడ్డంకి నేల. అంతర్జాతీయ కొలతల గ్రౌండ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే ఎకరం ముప్పావు. కాలువ పారే డెల్టాలో ఆ ఎకరం ముప్పావు రెండు పంటలు పండే మాగాణి. ఊరికి ఖాళీగా మిగిలే చోటు బడి ఆవరణ ఒక్కటే. అందులో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు పడతాయి, ఫుట్‌బాల్ గ్రౌండ్ పట్టడం కష్టం. ఉన్నచోటా నల్లరేగడి. జులై నుంచి నవంబరు దాకా అడుగు వేస్తే మడమ లోతు దిగబడుతుంది, బంతి దొర్లదు. ఏప్రిల్‌కల్లా అదే నేల నెర్రెలు బారుతుంది. నెర్రెలో స్టడ్ ఇరుక్కుంటే మోకాలో చీలమండో మెలిపడుతుంది. అనుభవమున్న పీఈటీలు వేసవిలో పిల్లలను అలాంటి గ్రౌండ్‌లో ఆడనివ్వరు. సంవత్సరంలో సరిగా ఆడగలిగేది డిసెంబరు నుంచి మార్చి దాకా. పరీక్షలు వచ్చేదీ ఆ నెలల్లోనే. ఇసుక, ఎర్రమట్టి కలిపి ఎత్తు చేసి చుట్టూ బోదె తవ్వితే వాననీరు నిలవదు. డెల్టా రైతుకు తెలియని పని కాదది, పంచాయతీలు చేయించగలిగిన ఖర్చే.

ఆంధ్రప్రదేశ్‌లో అమ్మాయిల ఫుట్‌బాల్‌కు ఊపు తెచ్చింది నీళ్లు పుష్కలంగా ఉన్న డెల్టా కాదు, కరువు జిల్లా అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు గ్రౌండ్లు, వసతి, కోచ్‌లను ఒకే చోట సమకూర్చింది. నిజామాబాద్‌లో ఒక కోచ్, అనంతపురంలో ఒక ట్రస్టు చేసిన పని ఇక్కడ చేయగల సంస్థలు లేవని కాదు. 1843లో పెట్టిన నోబుల్ కాలేజీ, 1928 నాటి హిందూ కాలేజీ, 2008లో వచ్చిన కృష్ణా విశ్వవిద్యాలయం మూడూ బందరులోనే ఉన్నాయి. గుడివాడలో ఎన్టీఆర్ స్టేడియం ఉంది.

దూరాలు కూడా అనుకూలమే. బందరు, గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ ఐదూ బస్సు దారుల్లో ఉన్న ఊళ్లు. ఏ ఊరి జట్టయినా పొద్దున బయల్దేరి మరో ఊళ్లో మ్యాచ్ ఆడి చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. ఐదు ఊళ్ల అమ్మాయిల జట్లు ఒకరితో ఒకరు రెండేసి సార్లు తలపడితే మొత్తం ఇరవై మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు ఎనిమిది. డిసెంబరు మొదటి ఆదివారం మొదలుపెట్టి వారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున ఆడిస్తే పది వారాలు. పరీక్షల తేదీలు వచ్చేలోపు, ఫిబ్రవరి రెండో వారానికల్లా ఫైనల్ పట్టిక చేతిలో ఉంటుంది.